దగ్గు కోసం మిర్చి యార్డుకు

ఎంటెక్ రెండో ఏడాదంతా నేను చేసిన పని ఒక్కటే, దగ్గులు పోగుచేయడం.

బయోమెడికల్ ఇంజనీరింగ్ అంటే మా ఊళ్ళో సగం మంది నన్ను డాక్టరనుకునేవారు. మిగతా సగం, ఆసుపత్రిలో ఏసీలు బాగుచేస్తాననుకునేవారు. నిజానికి నేనూ, నా ల్యాబ్ స్నేహితురాలూ కలిసి ఛాతీకి అంటించే చిన్న మైకు తయారుచేస్తున్నాం. మనిషి నిజంగా దగ్గాడో, ఊరికే గొంతు సవరించుకున్నాడో అది పసిగట్టాలి. అలా నేర్పాలంటే ముందు దానికి బోలెడు దగ్గులు వినిపించాలి. ఆసుపత్రిలో రోగుల దగ్గర రికార్డు చేసుకుందామంటే, మా అర్జీ కమిటీల మధ్య తిరుగుతూనే ఉంది.

మా గైడ్ గారు మంచి మనిషే. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, ఎప్పుడు కనబడినా ఒకటే ప్రశ్న: "డేటా ఏదమ్మా?"

ముందు క్లాసువాళ్ళను బతిమాలాం. వాళ్ళు మేం పెట్టిన సమోసాలు తిని, మొహమాటంగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఖళ్ ఖళ్‌మన్నారు. ఆ రికార్డింగు విని గైడ్ గారు, "ఇది దగ్గు కాదమ్మా, కొత్తల్లుడు గుమ్మం ముందు సకిలించడం" అని చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసేశారు.

"మా నాన్న కొట్టుకు పోదాం పదవే," అంది నా స్నేహితురాలు. వాళ్ళ నాన్న గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. "అక్కడ ఎవర్నీ బతిమాలక్కర్లేదు. గాలే దగ్గిస్తుంది."

వెళ్ళాం. సీజను మంచి ఊపులో ఉంది. మిర్చి బస్తాలు, వాళ్ళ భాషలో టిక్కీలు, మా తలలకంటే ఎత్తున పేర్చి ఉన్నాయి. హమాలీలను అడిగి, ఒప్పుకున్నవాళ్ళకు మైకులు అంటించి, ఓ పక్కన నిలబడ్డాం. ఒక్కడంటే ఒక్కడు దగ్గితే ఒట్టు. బస్తాలు మోస్తున్నారు, జోకులేసుకుంటున్నారు, బీడీలు కూడా కాలుస్తున్నారు. దగ్గుతున్నది మేమిద్దరమే. కళ్ళు, ముక్కు ఏకధార.

"ఏందమ్మాయ్, డాక్టరమ్మలు మీకే ఇంత దగ్గా?" అన్నాడొకాయన.

"మీకు రాదా బాబాయ్?"

"ఇక్కడెందుకొస్తది? పండక్కి నాలుగు రోజులు ఇంటికాడుంటే వస్తది."

సాయంత్రం ల్యాబ్‌లో వింటే మైకుల్లో ఉన్న దగ్గులన్నీ మావే. గైడ్ గారికి చెబితే నిట్టూర్చారు. "మీకు జనంతో పని చేయించుకోవడం రాదు. రేపు నేనొస్తాను."

"మాస్కు తెచ్చుకోండి సార్," అంది నా స్నేహితురాలు.

"మాది పర్చూరమ్మా. పొగాకు కాల్చే బ్యారన్ల పక్కన పెరిగాను. మిర్చి నాకో లెక్కా?"

మేం ఒకసారి చెప్పాం. రెండోసారి చెప్పలేదు.

మర్నాడు యార్డులో ఆయన హమాలీలందర్నీ చుట్టూ నిలబెట్టి, మైకంటే భయం లేదని చూపించడానికి ముందు తన ఛాతీకే అంటించుకున్నారు. "చూశారా, ఏమీ కాదు" అంటుండగా, పక్క కొట్టువాళ్ళు బేరగాడికి కాయ చూపించాలని ఓ టిక్కీ కోసి గుమ్మరించారు. సన్నగా గాలి వీచింది.

మొదటి దగ్గుకు కళ్ళజోడు జారింది. తర్వాతవి లెక్కపెట్టడం మావల్ల కాలేదు. ఆయన ఓ బస్తాను కావలించుకుని వంగిపోయారు. కంగారుగా మైకు తీయబోతే, చేత్తో నన్ను నెట్టేసి, "తీయకు... రికార్డ్... రికార్డ్ చెయ్యండి" అన్నారు. నా స్నేహితురాలి నాన్న పరుగున మజ్జిగ తెచ్చిచ్చారు. హమాలీలు జాలిగా విసనకర్రల్లా అట్టముక్కలు ఊపారు. కాస్త తేరుకోగానే ఎర్రటి కళ్ళతో ఆయన అడిగిన మొదటి మాట, "బాగా వచ్చిందా?"

"అద్భుతంగా వచ్చింది సార్," అన్నాను. ఇద్దరం నేల చూపులు చూస్తూ నవ్వు బిగబట్టాం.

తర్వాత ఆసుపత్రి అనుమతీ వచ్చింది, రోగుల దగ్గులూ చేరాయి. కానీ అంత నిండైన దగ్గు మరొకటి దొరకలేదు. నియమం ప్రకారం పేరు రాయకుండా "మధ్యవయసు పురుషుడు" అని థీసిస్‌లో పెట్టాం.

వైవాకు వేరే ఊరి నుంచి ఓ పెద్దాయన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చారు. ఆ రికార్డింగు వినిపించగానే కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఈ పేషెంటు ఇప్పుడెలా ఉన్నాడు?"

గైడ్ గారి వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు.

"బాగానే ఉన్నారండి."

"బాగానే ఉన్నాడని నువ్వెలా చెప్తావ్? ఇంత దగ్గు విని, రికార్డు చేసుకుని వచ్చేశారా? ఛాతీ డాక్టరుకు చూపించొద్దూ?"

"చెప్పినా వినే మనిషి కాదండి," అంది నా స్నేహితురాలు, ఎంతో వినయంగా.

"ఎక్స్‌రే రిపోర్టు చూస్తేనే నా సంతకం."

"నేను తీయిస్తానండి," అన్నారు గైడ్ గారు నీరసంగా. "నాకు తెలిసినవాడే."

మర్నాడు ముగ్గురం ఛాతీ డాక్టరు దగ్గర కూర్చున్నాం. ఆయన ఫిల్మును వెలుతురుకు పెట్టి, అంతా శుభ్రంగా ఉందన్నారు. "దగ్గేమన్నా ఉందా?" అని అడిగితే, గైడ్ గారు లేదన్నారు. మరెందుకొచ్చారని అడిగితే, "వీళ్ళు పాసవ్వాలండి" అన్నారు. డాక్టరు మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, రిపోర్టు రాసి చేతికిచ్చారు.

రిపోర్టును గైడ్ గారే తన ఫోన్‌లోంచి ఎక్స్‌టర్నల్‌కు పంపారు. దానిమీద రోగి పేరు స్పష్టంగా ఉంది.  కాసేపటికి సంతకం పెట్టిన కాగితం ఫొటో వచ్చింది, దాని కింద నవ్వు బొమ్మ.

గైడ్ గారు దాన్ని మాకు చూపించకుండా ఫోన్ జేబులో పెట్టుకోబోయారుగానీ, మేం అప్పటికే చూసేశాం. బయట చెరకురసం ఇప్పిస్తూ చెప్పారు, వచ్చే ఏడాది జూనియర్లకు దగ్గుల జోలికి పోకుండా, మోకాళ్ళ నొప్పుల మీద ప్రాజెక్టు ఇస్తారట.