జంక్షన్ పిన్నిగారి గొంతు

మా రేడియో స్టేషన్‌లో పొద్దున ప్రోగ్రామ్ చేసే ఆర్జేకి బెజవాడంతా శత్రువులే. అదే ఆయన ఉద్యోగం. ఆటోనగర్ మెకానిక్ "పది నిమిషాలండీ" అంటే చీకటి పడేదాకా కూర్చోవాలని ఒకరోజు, పెళ్లిభోజనాలకు వచ్చేవాళ్లలో సగంమందికి పెళ్లికొడుకెవరో తెలియదని ఇంకోరోజు. జనం తిట్టుకుంటూనే వినేవారు. వింటున్నారు కాబట్టి మేనేజరు గారు ఆయన్ని నెత్తిన పెట్టుకునేవారు.

నా పని శ్రోతల ఫోన్లు ఎత్తి ఆయనకు కలపడం. మొదట్లో ఫోన్లే వచ్చేవి కావు. "ఏమ్మాయ్, పక్కగదిలోంచి నువ్వే చెయ్యి. ఎవరో పెద్దావిడలాగా నాతో గొడవ పెట్టుకో" అన్నాడు. మాది మైలవరం. తెలిసినవాళ్లు పోల్చుకుంటారేమోనని బెజవాడకు అటుపక్కనున్న హనుమాన్ జంక్షన్ ఎంచుకున్నాను. గొంతు కాస్త బొంగురు చేసి, జంక్షన్ పిన్నిగారినయ్యాను.

నిజం చెబుతున్నాను, రోజు మొత్తంలో ఆ ఐదు నిమిషాలే నాకు ఊపిరాడేది. ఈ మహానుభావుడు రోజూ నా క్యారేజీ మూత తీసి కూరంతా ఊడ్చేసేవాడు. ఏడాదిన్నరలో నా పేరేమిటని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. నేనేమో ప్రతిదానికీ "సరేనండీ" అనేదాన్ని. ఎనిమిదింటికి పిన్నిగారు మాత్రం "నోర్ముయ్యవయ్యా! నీ మొహానికి మైకొకటా?" అని దులిపేసేది. ఆటోల్లో, టీ బడ్డీల దగ్గర జనమంతా పిన్నిగారి పక్షమే.

ఒకరోజు ఆయనకు నిజంగానే ఒళ్లు మండింది. అవతల ఉన్నది నేనేనన్న సంగతి మరిచిపోయి, "అసలు మీ జంక్షన్ ఒక ఊరేనా? బస్సు మారే చోటు! అక్కడ దిగినవాళ్లే గానీ పుట్టినవాళ్లెవరండీ?" అన్నాడు. నేనూ తక్కువ తినలేదు, వెక్కివెక్కి ఏడ్చాను. భలే కుదిరిందని లోపల మురిసిపోయాను కూడా.

పదకొండింటికల్లా రెండు వ్యాన్లలో జంక్షన్ పెద్దమనుషులు దిగారు.

"ఊరిని అన్నారు, సరే వదిలేద్దామండీ. మా పిన్నిగారిని ఏడిపిస్తారా? ఆవిడకి శాలువా కప్పి క్షమాపణ చెప్పాలండీ" అన్నారు.

మేనేజరు గారు మా ఆర్జేని పక్కకు పిలిచి, చెప్పకపోతే రేపటినుంచి రావద్దన్నారు. చెబుదామంటే మనిషే లేదు. లేదని ఒప్పుకుంటే ఆయన ఉద్యోగంతో పాటు నాదీ పోతుంది.

"ఆవిడ అడ్రసు మా దగ్గర లేదండీ" అన్నాను.

"మీకెందుకండీ అడ్రసు? మా ఊరావిడ మాకు తెలీదా?" అన్నారు వాళ్లు.

మర్నాడు జంక్షన్‌లో షామియానా వేశారు. బస్టాండు దగ్గర అరటిపళ్లమ్మే పెద్దావిడ పట్టుచీర కట్టుకుని నడిమి కుర్చీలో కూర్చుంది. పిన్నిగారంటే ఆవిడేనని ఊరు తేల్చేసింది, ఆవిడా కాదనలేదు. మా ఆర్జే శాలువా కప్పి కాళ్లకు దండం పెట్టాడు. "పోన్లే నాయనా, ఇంకెప్పుడూ ఊరి మీదకి రాకు" అని క్షమించేసింది. ఒకటే చప్పట్లు.

"మైకు కాస్త దగ్గరగా పట్టుకోండమ్మా" అన్నాను, రికార్డింగ్ కోసం వెంట వెళ్లిన నేను. నా గొంతు విని ఆవిడ చటుక్కున తలెత్తి చూసి, నా చెయ్యి పట్టి దగ్గరకు లాక్కుంది.

"బాగానే తిడతావే పిల్లా. ఆ ఏడుపొక్కటే నాకు నచ్చలేదు. నేను ఏడ్చే మనిషిని కాదు" అంది చెవిలో.

"ఏమైనా తిన్నావా?" అని అడిగింది. అంతే, క్యారేజీ సంగతితో సహా కడుపులో ఉన్నదంతా అక్కడే కక్కేశాను.

ఇకమీదట రోజూ తనే ఫోన్ చేస్తానంది పిన్నిగారు. "ఇంకేం, ఆ గొంతుకి ఇక నువ్వక్కర్లేదు" అన్నాడు మా ఆర్జే తిరిగొస్తూ, వ్యాన్‌లో. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆయన్ని తిట్టడానికి నాకున్న ఒకే ఒక్క నోరూ పోయింది.

మర్నాడు ఎనిమిదింటికి ఆవిడ ఫోన్ నేనే కలిపాను.

"ముందా ఫోనెత్తే అమ్మాయి క్యారేజీలో చెయ్యి పెట్టడం మానవయ్యా" అంది, బెజవాడంతా వింటుండగా.

ఆయన పకపకా నవ్వాడు. "అయ్యో పిన్నిగారూ, ఎవరో మీకు లేనిపోనివి చెప్పారు. కావాలంటే ఆ అమ్మాయినే అడుగుదాం!" అంటూ రెండు గదుల మధ్యనున్న అద్దంలోంచి నావైపు చూశాడు. సరేనండీ అంటానని ఆయన ధీమా.

మైకు బటన్ నొక్కాను. గొంతు మార్చలేదు.

"రోజూ తింటారండీ. మొన్న గుత్తివంకాయ ఒక్కటి కూడా మిగల్చలేదు" అన్నాను.

వెంటనే ఆటోనగర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పిన్నిగారి గొంతైతే తను రోజూ వింటున్నదేనట, ఆ అమ్మాయిదే ఎవరో వెనకనుంచి మాట్లాడిస్తున్న దొంగ గొంతులా ఉందట.