మాంట్‌బ్రీషియా పాలు

నిన్న స్లైగో టౌన్ నుంచి ఇంటికి వస్తుంటే రోడ్డు పక్క గట్ల మీద నారింజ రంగు పూలు మళ్లీ విరగబూసి కనిపించాయి. చూసినవాళ్లంతా ఫోటోలు తీసుకుంటారు. నాకు మాత్రం ఇప్పటికీ చెయ్యి దానంతటదే పొట్ట మీదకు వెళ్తుంది.

కొన్నేళ్ల కిందట, నాకు నెలలు నిండుతున్న ఆగస్టు అది. పురుడు పోయడానికి అత్తయ్య మన దేశం నుంచి ఇక్కడికి వచ్చారు. డాక్టరైన మావారు డ్యూటీకి వెళ్తే నేను లైబ్రరీకి వెళ్లేదాన్ని. ఇంటర్‌తో చదువు ఆగిన నాకు ఆ లైబ్రరీయే కాలేజీ. పక్కింటావిడ ఈ పూలను మాంట్‌బ్రీషియా అంటే, ఊరుకోలేక ఆ పేరు పుట్టుకను వెతికాను. అది ఒక ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి ఇంటిపేరట. సైన్యం వెంట ఈజిప్టు వెళ్లి, చిన్న వయసులోనే అక్కడ పోయాడు. తర్వాత శాస్త్రజ్ఞులు ఆ పేరు తీసేసి ఈ మొక్కను క్రొకోస్మియా అన్నారు. గ్రీకులో కుంకుమపువ్వు వాసన అని అర్థం. ఎండిన పూలను వేడినీళ్లలో వేస్తే ఆ వాసనే వస్తుందట. ఆ పుస్తకం ఇంటికి తెచ్చి ఇదంతా అత్తయ్యకు గర్వంగా చదివి వినిపించాను.

ఆవిడకు ఫ్రెంచివాడు పట్టలేదు. కుంకుమపువ్వు పట్టింది. కడుపుతో ఉన్నదానికి కుంకుమపువ్వు పాలు ఇవ్వాల్సిందేనని ఆవిడ పట్టుదల. ఆవిడ ఊరి నుంచి తెచ్చిన డబ్బీ అప్పటికే అయిపోయింది. గట్టు మీది పూలు కోసుకొచ్చి, తువ్వాళ్లు ఆరేసే హాట్‌ప్రెస్ అనే వెచ్చటి అలమరలో ఎండబెట్టి, ఒక సాయంత్రం పాలలో వేసి ఇచ్చారు. సగం తాగాక రుచి తేడాగా అనిపించి అడిగాను.

“నువ్వు చదివిందే కదే! రోడ్డు పొడుగునా పూసి ఉంటే డబ్బీలు కొనడం దేనికి?”

గ్లాసు పక్కన పెట్టి పుస్తకం తిరగేశాను. గ్రీకు ఉంది, ఈజిప్టు ఉంది. తాగొచ్చో లేదో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. వెంటనే మావారికి ఫోన్ చేశాను.

“పువ్వా? పేరు మెసేజ్ పెట్టు, కనుక్కుంటాను. ఎడమవైపు తిరిగి పడుకో. బేబీ కదులుతోందా?”

కదలడం లేదు. మధ్యాహ్నమంతా పక్కటెముకల కింద కుమ్మిన బిడ్డ ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. అత్తయ్య మంచం పక్కన కూలబడి నా పొట్ట మీద చెయ్యేశారు. “రెండేసి పేర్లున్న పువ్వును నమ్మానే, నా బుద్ధి మండా!” అని తనను తానే తిట్టుకున్నారు.

ఫోన్ మోగింది, మావారే. “విషాల హెల్ప్‌లైన్‌లో అడిగాను, ప్రమాదమని ఎక్కడా లేదంటున్నారు. అయినా బేబీ కదలకపోతే టాక్సీ ఎక్కి ఆస్పత్రికి వచ్చేయండి.”

లేవబోతుండగా అత్తయ్య కేక పెట్టారు. “తన్నాడు! నన్నే తన్నాడు భడవ!”

“ఇంకోటి తన్నించుకో అమ్మా,” అన్నారు మావారు ఫోన్‌లోంచి.

అత్తయ్య చెయ్యి తియ్యలేదు. పక్కన పెట్టిన పాలు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. పాలు చల్లారేలోపు మనిషికి ఎంత వయసు మీద పడుతుందో ఏ గడియారమూ చెప్పలేదు.