పాన్స్‌కురా అవుటర్‌లో రసగుల్లా

మా బావ అప్పలరాజు కళ్ళు చూపించడానికి ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు ఉదయం ఆరు గంటల లోకల్‌లో బయలుదేరాం. బావ వర్క్‌షాపు ఫిట్టరు, చక్కెర జబ్బు మనిషి. రైల్వే వాళ్ళకు దేవుడి తర్వాత టైంటేబులే. ఆరూ పావుకు ఇన్సులిన్ సూది, ఆరూ ముప్పావుకు పాన్స్‌కురాలో కచోరీ అని లెక్క కట్టింది నేనే. బండి కదిలాక సూది వేసుకున్నాడు.

ఎదురు సీటులో ఒక బెంగాలీ పెద్దాయన ఒళ్ళో రసగుల్లాల కుండ. కూతురి అత్తవారింటికట. బావ పక్కనే కూర్చున్న ఆయన భార్య, మా చెల్లెలు సరోజ వెంటనే, "దాదా, అది సీటు కింద పెట్టండి. ఈయన కంట పడితే బతకనివ్వడు!" అంది.

పాన్స్‌కురా స్టేషను చేరకముందే, అవుటర్ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడి బండి ఆగింది. ఏడున్నరైనా కదల్లేదు. బావ చొక్కా చెమటతో తడిసింది. చేతులు వణుకుతున్నాయి. గార్డునూ నన్నూ కలిపి తిట్టడం మొదలుపెట్టాడు.

"సరోజా, కుండ తియ్యి," అన్నాను.

"సుగరు జబ్బోడికి తీపేటి అన్నియ్యా? సంపేస్తావా?"

"సూది పని చేసేసినాది, తిండి పడనేదు. ఒంట్లో చక్కెర పడిపోనాది. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఇప్పుడే పాకం తాగించాల!"

పెద్దాయన అప్పటికే కుండ మూతికి కట్టిన దారం తెంపేశాడు. తీరా చూస్తే, రోజూ దొంగతనంగా జిలేబీ తినే మా బావ మూతి బిగించాడు. "నానొట్టేసినాను. తీపి ముట్టను!"

సరోజ ఆయన గడ్డం పట్టుకుంది. "ఇన్నాళ్ళూ నేని ఒట్టు ఇప్పుడెక్కడిదయ్యా? తాగు!"

ముందు పాకం, మెల్లగా రెండు రసగుల్లాలు. పావుగంటకు చెమట ఆరింది. బావ చుట్టూ చూసి, "సరోజా, నాకు నువ్వే తినిపించినావా?" అన్నాడు. సరోజ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి పాన్స్‌కురా రాగానే కచోరీలు కడుపునిండా పెట్టించాను.

ఈ దారిన వెళ్ళే చక్కెర రోగులకు నా మాట: తిండి చేతిలోకి వచ్చాకే సూది. జేబులో గ్లూకోజు పొట్లం. బండిని నమ్మవద్దు.

సాయంత్రం తిరుగు లోకల్‌లో సరోజ ఒళ్ళో రొట్టెలు, ఆపదకని కొన్న చిన్న రసగుల్లా కుండ.

"సెయ్యి వణుకుతున్నాదే," అన్నాడు బావ.

సరోజ ఆయన మెడ తడిమి చూసింది. "సెమటేదీ?" అని రొట్టె చేతిలో పెట్టింది.

పాన్స్‌కురా దగ్గర పడుతుంటే బావ కిటికీలోంచి తల బయటపెట్టి అవుటర్ సిగ్నల్ కేసి ఆశగా చూశాడు. పచ్చ లైటు.