మూల రాకముందే

మా బావ పోయాడు. మా అక్క భర్త. గోదావరిఖనిలో అండర్‌గ్రౌండ్ గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఈ కబురు మీలో చాలామందికి ఇప్పటికే చేరి ఉంటుంది. దాంతోపాటు ఇంకో మాట కూడా చేరి ఉంటుంది: ఆయన బామ్మర్ది హైదరాబాద్‌లో మంచి ఉద్యోగానికి సెలవు పెట్టుకుని వచ్చి, చివరిదాకా దగ్గరుండి చూసుకున్నాడని. ఆ బామ్మర్దిని నేనే. ఆ రెండో మాట అబద్ధం. దాన్ని పుట్టించింది బావ, ఇన్నాళ్లూ మోసింది నేను. సిగ్గుగా ఉన్నా, ఆయన్ని తలుచుకోవాలంటే నేను అక్కడినుంచే మొదలుపెట్టాలి.

మా అమ్మానాన్నలు తొందరగా పోయారు. అక్కా బావే నన్ను పెంచారు. ఐటీఐలో చేర్పించింది బావే. ఆ రోజు నైట్ షిఫ్టు దిగి, కనుబొమ్మల్లో బొగ్గు పొడి అట్లాగే ఉండగా నా వెంట వచ్చి వరుసలో నిలబడ్డాడు. సాయంత్రం అక్క, "మొకం సుత కడుక్కోకుండ పోతరా ఎవరన్న?" అని గొడవపడితే, "సీటు నాకా, వానికా?" అని నవ్వి పడుకున్నాడు.

ఆ చదువుతోనే హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్యాక్టరీలో చేరాను. ఒక విదేశీ కంపెనీ ఎన్నో ఏళ్లుగా ఒకే పేరుతో తయారుచేస్తున్న చిన్న జెట్ విమానానికి మేం విడిభాగాలు చేసేవాళ్లం. పెద్ద వ్యాపారులు సొంతానికి కొనుక్కునే విమానం అది. దాని తలుపు కింది సగం బయటికి తెరుచుకుంటే అదే మెట్లవుతుంది. ఆ మెట్లను పట్టి ఉంచే అల్యూమినియం ముక్క నా మెషీన్ మీద తయారయ్యేది. అరచేతిలో ఇమిడిపోయేంత ముక్క. మొత్తం విమానాన్ని నేను ఫొటోల్లో తప్ప ఎన్నడూ చూడలేదు.

బావ మాత్రం పెళ్లికి పోయినా, చాయ్ హోటల్లో కూర్చున్నా, "మా బామ్మర్ది విమానాలు చేస్తడు" అని చెప్పేవాడు. ఒక ముక్క మాత్రమే చేస్తానని నేను దిద్దేవాణ్ని కాదు, వినడానికి బాగుండేది మరి. ఇంటికొచ్చాక ఆయనే ఆటపట్టించేవాడు. "అంటే సేఠు విమానం ఎక్కేటప్పుడు ముందుగాల కాలు పెట్టేది నీ మీదనేనా? జర గట్టిగ చెయ్యిరా, సేఠులు బరువుంటరు."

ఒక రోజు ఫ్యాక్టరీలో అందర్నీ కూర్చోబెట్టి, ఆ విమానం తయారీ ఆపేస్తున్నారని చెప్పారు. కొనేవాళ్లు ఇంకా పెద్ద విమానాల వైపు మళ్లారట. పేరు గొప్పదేగానీ గిట్టుబాటు కావడం లేదట. ఉన్నవి ఎగురుతూనే ఉంటాయి, కొత్తవి మాత్రం ఇక రావు. మా దగ్గర కుర్రవాళ్లను వేరే పనికి మార్చారు. నాలాంటి కొందరికి షేక్‌హ్యాండ్ ఇచ్చి పంపించారు. నా భార్య హైదరాబాద్‌లోనే ఒక స్కూల్లో టీచరు. "పొద్దస్తమానం గోడను చూసుకుంటూ కూర్చోకు, కొన్నాళ్లు అక్క దగ్గరికి పోయిరా" అంది. వచ్చేశాను.

గోదావరిఖనిలో పగటిపూట మగవాడు వీధిలో కనిపిస్తే ఎవరైనా అడిగే మొదటి మాట, "ఏ షిఫ్టు?" నైట్ అని చెప్తే తల ఊపి వెళ్లిపోతారు. ఒంట్లో బాగాలేదంటే జాలిపడతారు. ఈ రెండూ కాకుండా మనిషి ఇంట్లో ఎందుకుంటాడో అక్కడ ఎవరికీ అర్థం కాదు. అందుకని నేను గేటు దాటేవాణ్నే కాదు. ఒక సాయంత్రం పాలప్యాకెట్ కోసం బయటికి వస్తే మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దావిడ పట్టుకుంది. "ఏం బేటా, శాన దినాలాయె వచ్చి? నౌక్రీకి పోతలేవా?"

లోపల్నుంచి బావ గొంతు వినబడింది.

"నా కోసమే వచ్చిండు ఆపా! నాకు కళ్లు తిరుగుతున్నయి. ఒక్కణ్ని బయటికి పోవద్దన్నరు. వాడే సెలవు పెట్టుకొని ఉన్నడు."

ఖాలా "యా అల్లా" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆమె వెళ్లగానే అక్క బావ మీద పడింది. "నోట్లె మంచిమాట రాదా? లేని రోగాన్ని ఎవరన్న పిలుచుకుంటరా?"

"ఊకో. నాలుగు రోజులు నేను పడుకుంటే వాడు తలెత్తుకొని తిరుగుతడు" అన్నాడు బావ.

ఈ మాట ఎవరన్నారో తెలిస్తేగానీ దాని బరువు మీకు తెలియదు. సర్వీసంతా ఒక్క రోజు కూడా దొంగ సిక్కు లీవు పెట్టని మనిషి ఆయన. మోకాళ్లు అరిగిన తోటివాళ్లు డాక్టరుకు చూపించుకుని గని పైన తేలిక పనికి మారుతుంటే, నువ్వూ అడగవయ్యా అని చెప్పినవాళ్లున్నారు. "లేని దగ్గు నేను దగ్గ" అనేవాడు. అటువంటివాడు నా కోసం లేని కళ్లు తిరుగుడు తెచ్చుకున్నాడు.

మర్నాటినుంచి మా నాటకం మొదలైంది. పొద్దున్నే ఇద్దరం చాయ్‌కి బయల్దేరేవాళ్లం. బావ నా భుజం మీద చెయ్యివేసి, ఒక్కో అడుగూ చూసి చూసి వేస్తూ వీధి మూల దాకా వచ్చేవాడు. మూల తిరగగానే చెయ్యి తీసేసి, నాకంటే ముందు నడిచేవాడు. నేను వెనక పరుగెత్తాల్సి వచ్చేది. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ మూల దగ్గర చెయ్యి భుజం మీదికి వచ్చేది. వీధిలో వాళ్లు, "జాగర్త కాకా" అంటుంటే పాపం మొహం పెట్టేవాడు. ఖాలా రోజు విడిచి రోజు పథ్యం ఖిచిడీ పంపేది. మటన్ కూర లేనిదే ఆదివారం ఒప్పుకోని బావ, ఆమె ఎదురుగా కూర్చుని ఆ చప్పటి ఖిచిడీ అడుగంటా తినేవాడు. "నీ ఉద్యోగం ఏమోగాని నా నాలుక పోయేటట్టున్నది" అని తర్వాత నా మీద విసుక్కునేవాడు.

ఒక మధ్యాహ్నం నేను ఫోన్‌లో చిన్న వీడియో చూస్తున్నాను. ఆ పేరుతో తయారైన ఆఖరి విమానాన్ని షెడ్డు బయటికి లాగుతున్నారు. చుట్టూ నిలబడ్డ పనివాళ్లు చప్పట్లు కొడుతున్నారు, ఒకాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. బావ నా వెనక వచ్చి నిలబడ్డాడు. కాసేపు చూసి, "మేం గూడ గిట్లనే చేసినం" అన్నాడు. "మా గని మూసిన రోజు ఆఖరి బొగ్గు టబ్బుకు పూలదండ ఏసినం, కొబ్బరికాయ కొట్టినం, నవ్వుకుంట ఫొటో దిగినం. ఇంటికొచ్చినంక మీ అక్క అన్నం పెడితే ముద్ద దిగలే."

"నాకు సిగ్గయితుంది బావా" అన్నాను. ఉద్యోగం పోయినప్పటినుంచీ ఎవరితోనూ అనని మాట అది.

"బొగ్గు అయిపోతే మనం తప్పు చేసినట్టా? నువ్వు చేసిన మెట్టు విరిగితే సిగ్గుపడు. అది విరగలే గద?"

ఆ ఆదివారం, దవాఖానకని ఖాలాకు చెప్పి, మూల దాటాక బండి తనే నడుపుతూ నన్ను బసంత్‌నగర్ తీసుకుపోయాడు. అక్కడ పాత రన్‌వే ఉంది. ఎప్పుడో విమానాలు దిగేవి, ఇప్పుడు పగుళ్లలో గడ్డి మొలిచి మేకలు మేస్తుంటాయి. వయసులో ఉండగా అక్కడ ఒక చిన్న విమానం దిగడం చూశానని, అది మీ విమానమే కావచ్చని బావ నమ్మకం. కాకపోవచ్చని నేనన్నా వినలేదు. "తలుపు ఎట్ల తెరుసుకుంటదో చూపియ్యి" అన్నాడు. నేను గాల్లోనే చేతులతో తలుపు కింది సగాన్ని దించి చూపించాను. ఆయన చెప్పులు విడిచి, లుంగీ కొంచెం పైకి పట్టుకుని, లేని మెట్టు మీద కాలు మోపాడు. ఒకసారి తొక్కి చూశాడు. "కదుల్తలేదురా, గట్టిగనే ఉన్నది" అన్నాడు. మేకలు కాసే ముసలాయన మమ్మల్ని చూసి ఏమనుకున్నాడో తెలియదు. నాకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

ఇక ఆ పొద్దుట సంగతి చెప్పాలి.

అక్క కూరగాయలకు మార్కెట్‌కు పోయింది. మేం ఎప్పట్లాగే చాయ్ తాగి తిరిగొస్తున్నాం. ఆ రోజు బావ నా వెనక నడుస్తున్నాడు. అది నేను గమనించాను, కానీ దాని గురించి ఆలోచించలేదు. మూల ఇంకా దూరంగానే ఉంది. నా భుజం మీద చెయ్యి పడింది. రోజూ పడేదానికంటే బరువుగా పడింది.

"మూల ఇంక రాలే బావా" అన్నాను నవ్వుతూ.

ఆయనా నవ్వి, చెయ్యి తీసేశాడు. మిగతా దారంతా ఏ పట్టూ లేకుండానే నడిచాడు. ఇంటి వరండాలో కుర్చీలో కూర్చుని మంచినీళ్లడిగాడు. నేను లోపలికి పోయి గ్లాసుతో వచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. నేను కేకలు పెడితే ఖాలా కొడుకు ఆటో తెచ్చాడు. దవాఖానలో డాక్టరు నాడి చూసి, గుండెపోటని, ప్రాణం పోయిందని చెప్పి, ఎప్పట్నుంచి ఇట్లా ఉందని అడిగాడు. నేను నోరు తెరవకముందే వెంట వచ్చినవాళ్లు జవాబు చెప్పేశారు. "శాన దినాలనుంచి కళ్లు తిరుగుతున్నయి సారూ. ఈ బామ్మర్దే కనిపెట్టుకొని ఉన్నడు." డాక్టరు నా వైపు చూసి జాలిగా తల ఊపాడు. నేను కాదనలేదు.

దినాలు అయ్యేదాకా వచ్చినవాళ్లంతా నన్ను మెచ్చుకున్నారు. సొంత కొడుకైనా ఇంత చేయడన్నారు. ఖాలా తన కొడుకులిద్దర్నీ నా ముందు నిలబెట్టి, "జర చూసి నేర్చుకోండి" అంది. ఆయన నా కోసం కట్టిన గోడ ఆయన పోయినా నన్ను కాపాడుతూనే ఉంది. ఆ మెప్పు వింటున్నప్పుడల్లా నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అక్క మాత్రం నన్ను ఒక్కటే అడుగుతూ వచ్చింది. "నేను మార్కెట్ల ఉన్నప్పుడు నీతోని ఏమన్న అన్నడా? నొస్తుందని గిట్ట చెప్పిండా?" ఏం అనలేదని చెప్పాను. ఆయన నోటితో ఏమీ అనలేదు, అంతవరకు నిజం. అడిగిన ప్రతిసారీ ఆ ముక్కనే పట్టుకుని తప్పించుకున్నాను.

మీకు చెప్పబోయేముందు ఆమెకు చెప్పడం న్యాయం అనిపించింది. నిన్న మధ్యాహ్నం అక్క వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. గడప దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. భుజం మీద పడ్డ చెయ్యి గురించి, నేనన్న మాట గురించి. ఆమె తల ఎత్తలేదు.

"నువ్వు గట్లంటే ఆయనేం చేసిండు?"

"నవ్విండక్కా. చెయ్యి తీసేసిండు."

"నవ్విండా?"

"నవ్విండు."

అక్క చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి ఇల్లు అదిరింది. అల్మారాలో పళ్లేలు, గ్లాసులు గలగలమన్నాయి. ఈ ఊళ్లో ఆడవాళ్లంతా చేసినట్టే అక్క చటుక్కున లేచి, పడిపోకుండా పళ్లేల వరసకు చెయ్యి అడ్డం పెట్టింది. అదురు ఆగింది. గ్లాసులు సద్దుమణిగాయి. గోడవైపు తిరిగి నిలబడ్డ అక్క ఆ చెయ్యి తీయలేదు.