పెళ్లి రోజున పొగబెట్టిన గడ్డి మిషన్

మా చిన్నప్పుడు స్కూటర్‌ని ఓ పక్కకి వంచి, మళ్లీ నిలబెట్టి, అప్పుడు కిక్ కొట్టేవాళ్లు... మా నాన్న రోజూ పొద్దున్నే పద్మారావు నగర్‌లో మా వీధంతా లేచేలా ఆ పని చేసేవారు. బంకులో పెట్రోల్‌తో పాటే ఆయిల్ కలిపి పోసేవాళ్లు, గుర్తుందా? ఆ నీలం పొగ వాసనంటే నాన్నకి ప్రాణం.

నాన్న లెక్కల మాస్టారు. కానీ ఇంజిన్ల పిచ్చి. అందుకే మా చర్చి ఆవరణకి గడ్డి కోసే మిషన్ కొనాలనుకున్నప్పుడు ఆ పని ఆయనకే అప్పగించారు. సంఘపెద్ద దేవసహాయం గారు తోడు వచ్చారు. ఐదో క్లాసు చదివే నేను కూడా స్కూటర్ వెనక ఎక్కి రాణీగంజ్‌లో మిషన్ల కొట్టుకి వెళ్లాను.

కొట్టాయన రెండు మిషన్లు తీసి పెట్టాడు. ఒకటి మా స్కూటర్ లాంటి పాతకాలం ఇంజిన్. పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. రెండోది అప్పుడే కొత్తగా వచ్చిన ఫోర్ స్ట్రోక్. ఆయిల్‌కి విడిగా చోటుంది.

"గిదైతే పొగ గిట్ల రాదు సార్. పెట్రోల్ సుత తక్కువ తాగుతది. జెర రేటెక్కువ, గంతే."

"కొత్తదే తీసుకుందాం మాస్టారూ" అన్నారు దేవసహాయం గారు.

నాన్న నవ్వారు. "ఇన్ని వాల్వులు, ఇన్ని భాగాలు... ఒకటి పోతే ఎవరు చూస్తారండీ? పాతదాంట్లో ఏముంది? పిస్టనూ, ప్లగ్గూ. కళ్లు మూసుకుని విప్పి బిగిస్తాను. ఇంజిన్ల సంగతి నాకొదిలెయ్యండి."

పాతదే కొన్నాం. నాకు మా నాన్నని చూస్తే ఎంత గర్వమో...

కొన్నాళ్లకి ఆ దేవసహాయం గారి అమ్మాయి గ్రేస్ అక్క పెళ్లి కుదిరింది. పూలబుట్ట పట్టుకుని పెళ్లికూతురి ముందు నడిచే పిల్ల నేనే! తెల్ల గౌను, తెల్ల మేజోళ్లు, తలకి రిబ్బను...

పెళ్లి రోజు నాన్న గేటు పక్కన మిగిలిపోయిన గడ్డి కూడా కోసేద్దామని మిషన్ బయటికి తీశారు. అది స్టార్ట్ కాలేదు. ఎక్కువ కాలం మన్నుతుందని ఆయన పెట్రోల్లో ఆయిల్ ఓ పాలు ఎక్కువే కలిపేవారు. ప్లగ్గు తడిసిపోయింది. తీసి తుడవడం, తాడు లాగడం... మళ్లీ తీసి తుడవడం, మళ్లీ లాగడం. అవతల చుట్టాలు ఆటోలు దిగుతున్నారు.

"వదిలెయ్యండి మాస్టారూ, టైమైపోతోంది" అన్నారెవరో. నాన్న వినలేదు.

గ్రేస్ అక్క కారు దిగి గేటు దాటుతుండగా అది ఒక్కసారిగా అందుకుంది. గేటంతా పొగ. అందరూ దగ్గులు. పొగగొట్టంలోంచి నల్లటి ఆయిల్ చుక్కలు చిమ్మి అక్క తెల్లచీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. ఇంతసేపూ స్టార్ట్ కానిది ఇప్పుడు ఆపుదామంటే ఆగదు! చివరికి నాన్న ప్లగ్గు వైరు లాగి పారేశారు.

పొగ విడిపోయాక అందరి కళ్లూ ఆ మరకల మీదే...

"ఏంటండీ మాస్టారూ ఇది!" అన్నారు దేవసహాయం గారు. కోపంగా కాదు, బాధగా.

నాన్న జేబురుమాలు తీసి, కింద మోకాళ్ల మీద కూర్చుని ఆ చుక్కలు తుడవబోయారు. అవి ఇంకా పాకాయి. "వద్దంకుల్... ప్లీజ్... ముట్టుకోకండి" అని గ్రేస్ అక్క ఏడ్చేసింది.

"ఈ పిల్ల మాస్టారి కూతురే కదూ?" అన్నారు నా వెనక ఎవరో. నేను బుట్టలో పూలవంకే చూస్తూ నిలబడ్డాను. చెవులు మండిపోతున్నాయి.

అమ్మ గబగబా వచ్చి అక్కని పాస్టరు గారింట్లోకి తీసుకెళ్లింది. చీర విప్పి తలకిందులు చేసి, మరకలున్న అంచు నడుము దగ్గర లోపలికి పోయేలా మళ్లీ కట్టింది. పెళ్లయిపోయింది. నాన్న మాత్రం లోపలికి రాలేదు. కుళాయి దగ్గర చేతులు కడుగుతూనే ఉన్నారు. భోజనానికీ కూర్చోలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న లేచి నిలబడ్డారు.

"దేవసహాయం గారు కొత్త ఇంజిన్ కొందామన్నారు. నేను వినలేదు. నాకు తెలిసినదాన్ని మించింది ఉండదనుకున్నాను. ఆడపిల్లని పెళ్లిరోజున ఏడిపించాను. తప్పు నాదే... క్షమించండి."

నేను తలెత్తలేకపోయాను. గేటు దగ్గర కంటే అప్పుడే నాకెక్కువ సిగ్గేసింది... మా నాన్న అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడటం.

దేవసహాయం గారు లేచొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "కూర్చోండి మాస్టారూ" అన్నారు. అంతే.

మర్నాడే నాన్న కొట్టుకి వెళ్లి కొత్త మిషన్‌కి మార్చుకున్నారు. ఎలా నడపాలో అడిగి నేర్చుకున్నారు. చాలా ఏళ్లు చర్చి గడ్డి ఆయనే కోశారు.

మొన్న మా ఏ.ఎస్. రావు నగర్ అపార్ట్‌మెంట్‌కి మిషన్ కొనడానికి నేనే వెళ్లాను. "బ్యాటరీది తీస్కోండి మేడమ్. తాడు గుంజే తక్లీఫ్ లేదు, సౌండ్ లేదు" అన్నాడు సేల్స్‌మన్. "పెట్రోల్ ఇంజిన్ సంగతి నాకు తెలుసు, మీరు చెప్పక్కర్లేదు" అన్నాను... కాస్త గట్టిగానే. ఆయన ముఖం చిన్నబోయింది. నాకు ముఖమంతా వేడెక్కింది. "సారీ అండీ, చెప్పండి... వింటాను" అన్నాను. బ్యాటరీదే కొన్నాం.

నాన్న ఇప్పుడు లేరు. ఆ ఆదివారం ఒక్కసారి తలెత్తి ఆయన ముఖం చూసి ఉండాల్సింది...

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏ పొరపాటు చేసినా, "ఈ సందేశం తొలగించబడింది" అన్న ముక్క మిగులుతుంది, అంతే. నేనూ తొలగించినదాన్నే. నలుగురి మధ్య లేచి "తప్పు నాదే" అన్నవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల గురించి రాయండి... చదవాలనుంది.