ఫోటో: నేనే

ఆ రోజుల్లో ‘ఫ్రీ’ అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఒకటే, దానికి యజమాని లేడని. బోధన్‌లో ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగ్ నేర్పేదాన్ని. పిల్లలు రాని మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని తెలుగులో బ్లాగు రాసేదాన్ని (చదివేవాళ్లు ఏడెనిమిది మంది, నన్ను కూడా కలుపుకుంటే). నా దగ్గర కెమెరా లేదు. ఇంటర్నెట్లో ఉచితంగా ఫోటోలిచ్చే సైటు ఒకటి దొరికింది. ప్రతి ఫోటో కింద ‘వాడుకోండి, తీసినవారి పేరు మాత్రం రాయండి’ అని ఇంగ్లీషులో ఉండేది. అందులో నాకు పనికొచ్చే సగం వరకు నా ఇంగ్లీషు బాగానే ఉండేది.

ఒకసారి మా చెరుకు చేను గురించి రాశాను. నిజాంసాగర్ కాలువ నీళ్లు మా చేనుకు అందేదాకా బాపు (మా నాన్న) అన్నం ముట్టకుండా గట్టు మీదే కూర్చున్న రోజు గురించి. రాస్తుంటే నాకే కళ్లు తడిశాయి. అంత మంచి రాతకు మంచి బొమ్మ ఉండాలని ఆ సైటులోంచి పచ్చని చెరుకుతోట ఒకటి తెచ్చి పెట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది. కింద ‘ఫోటో: నేనే’ అని రాశాను. (ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే కనీసం ఆలోచించేదాన్ని.) ‘ఎంత బాగా తీశారండీ’ అని ఒకాయన కామెంటు పెడితే, ‘ఏదో మీ అభిమానం’ అని సిగ్గు లేకుండా జవాబు కూడా ఇచ్చాను.

ఆ గర్వంలో రంగుల ప్రింటు తీయించి ఇంటికి తీసుకెళ్లాను. బాపు అప్పుడే చేను నుంచి వచ్చి చెంబుతో నీళ్లు తాగుతున్నాడు. కాగితం తీసుకుని బొమ్మ వంకే చాలాసేపు చూశాడు.

“గిది మన చేను గాదు బిడ్డా.”

“ఎట్ల తెలుసు బాపు?”

“జడ కట్టలే.”

గాలికి పడిపోకుండా చెరుకు ఆకులను మెలేసి పక్క వరుసతో కలిపి కట్టడాన్ని జడ కట్టడం అంటారు. ఆ పని చేసి చేసి బాపు చేతుల నిండా కోతలే. ఆయన కూతురినై ఉండి అది చూసుకోలేదు.

“మరి కింద ‘నేనే’ అని ఎందుకు రాసినవ్?”

“అది ఫ్రీ బాపు. ఎవలన్న వాడుకోవచ్చు.”

బాపు కోప్పడలేదు. చెంబు తిప్పి, అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన మా మేనత్త పేరు చూపించాడు. “గిది సుత ఫ్రీగనే వచ్చింది. మా లగ్గంల మీ మేనత్త పెట్టింది. ఇన్నేండ్ల సంది నీళ్లు తాగుతున్న. ఆమె పేరు గీకి నా పేరు కొట్టిచ్చుకున్ననా?”

తర్వాత మెల్లగా అడిగాడు. “గీ రాసిందన్న నీదేనా?”

ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఆ కాగితం మొత్తంలో నిజం అదొక్కటే, దాన్ని కూడా నా చేతులతో నేనే అనుమానంలో పడేశాను. “నాదే బాపు” అంటుంటే ఏడుపొచ్చింది. బాపు కాగితం మడిచి, చదవకుండానే నా చేతికిచ్చాడు.

మర్నాడు ఆ సైటంతా వెతికి ఫోటో తీసినాయన పేరు, సైటు పేరు, లింకు పెట్టాను. ముందు ‘నేనే’ అని రాసుకున్నది అబద్ధమని కూడా ఒప్పుకున్నాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? ‘కంప్యూటర్: మా సెంటర్ సార్‌ది. టీ: మా అవ్వ (అమ్మ). బొమ్మలో చెరుకు: ఎవరో పరాయి దేశపు రైతుది’ అని పెద్ద జాబితానే రాశాను. (పొగిడినాయన మళ్లీ కనిపించలేదు.)

కొత్త ప్రింటు చేతికిస్తే బాపు చూపు ముందు బొమ్మ కిందికే వెళ్లింది. ఆ పరాయి పేరు కూడబలుక్కుని చదివాడు. నోరు తిరగలేదు. అయినా వదలకుండా మూడోసారికి పూర్తి చేశాడు. అప్పుడు మంచం మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చి, “ఇగ సదువు” అన్నాడు.

చదివాను. అన్నం ముట్టని చోటికి వచ్చేసరికి బాపు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇప్పుడు ఆ పోస్టు తీసి చూస్తే నవ్వొస్తుంది, ప్రతి వాక్యం చివరా మూడేసి చుక్కలు, అడుగడుగునా కన్నీళ్లు. అది రాసిన ఆనాటి పిల్లను కూర్చోబెట్టి సగం కొట్టేయించాలనిపిస్తుంది. కానీ చదవడం అయ్యాక బాపు “మల్లొకసారి సదువు బిడ్డా” అన్నాడని గుర్తొచ్చి ఊరుకుంటాను.