బడి మాన్పించే కార్డు

ఆఫీసులో ఆమెను ఆటలమ్మ అంటారు. పట్టుకుంటే ఒళ్ళంతా పొక్కులు లేపి గాని వదలదని. ఆమె పట్టించుకోదు. పిల్లల బోర్డు ఆటలు తయారుచేసే కంపెనీలో ఆమె చేతి మీదుగా చాలా ఆటలు వెళ్ళాయి. అన్నీ ఓనరు చెప్పినవే. ఇదొక్కటే తాను అడిగి చేసింది.

ఆడేవాళ్ళు ఒక్కొక్కరికీ ఒక పేద ఇల్లు. నెల గడవాలి. కార్డు తీస్తే జ్వరం. కార్డు తీస్తే కారే కప్పు, మూతబడిన మిల్లు. నెలాఖరుకు ఇల్లు నిలబెట్టుకున్నవాళ్ళు గెలిచినట్టు. బళ్ళలో ఆడించాలని, ఆడిన పిల్లలకు పక్క బెంచీ పిల్ల కష్టం తెలియాలని ఆమె ఆశ.

అన్నిటికన్నా బరువైన కార్డు, పెద్దపిల్లను బడి మాన్పించడం. అది వేస్తే ఫీజు డబ్బు ఇంటికి మిగులుతుంది. అది అక్కది. నాన్న పనిచేసే మిల్లు మూసిన నెలలో అక్క పుస్తకాలు అటకెక్కాయి. చెల్లెలు, అంటే తాను, చదువుకుంది. ఇప్పుడు అక్క బట్టలు కుడుతుంది. కార్డు చూపిస్తే మిషను ఆపకుండానే చూసింది.

"నన్ను పేకముక్క చేశావటే."

"కోపమొచ్చిందా?"

"కోపమెందుకు? ఇందులో నేను గెలుస్తానా, ఓడతానా?"

"నువ్వు ఆడవక్కా. నీతో ఆడతారు."

"అది కొత్తేం కాదులే" అంది అక్క, దారం కొరుకుతూ.

కంపెనీలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త ఆటను బయటివాళ్ళు ఆడి చూస్తుంటే, తయారుచేసినవాళ్ళు వెనక నిలబడాలి. నోరు మెదపకూడదు. పక్కనుండి చెబితే తప్ప అర్థం కాని ఆట పనికిరాదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె నేర్పే మొదటి పాఠం అదే.

ఒక ఉదయం ఆడి చూడడానికి టీచర్లు వచ్చారు. వాళ్ళకు నచ్చితే మర్నాడే ప్రెస్సుకు. కళ్ళద్దాల టీచరు మొదటి వారంలోనే బడి మాన్పించే కార్డు వేసింది. తర్వాత జ్వరాలొచ్చాయి, కప్పు కారింది. మిగిలిన ఫీజు డబ్బుతో టీచరు ఇల్లు చెక్కుచెదరలేదు. గెలిచింది. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఏముందండీ, ముందుచూపు ఉండాలంతే" అంది టీచరు. "ఈ పేదవాళ్ళకి లేనిదే అది."

ఓనరు తల ఊపాడు. ఆటలమ్మ నోరు విప్పింది.

"ఆ పిల్ల ఏమైందండీ?"

"ఏ పిల్ల?"

"మీరు మాన్పించిన పిల్ల."

టీచరు బోర్డు మీద వెతికింది. "అది ఆటలో లేదు కదండీ."

లేదు. అక్క చదువు ఆగినందువల్ల ఆ నెలలో ఇంటికి ఏ నష్టమూ రాలేదు. తర్వాత ఏళ్ళ తరబడి వచ్చింది, అక్క ఒక్కదానికే. ఆట నెలతో ఆగిపోయింది. ఆ ఏళ్ళ గురించి ఆటలమ్మ నిలబడే చెప్పింది.

"మీరు చెప్తుంటే తెలుస్తోంది" అంది టీచరు చివరకు. "కానీ పెట్టెలో మీరు రారు కదా."

టీచర్లు వెళ్ళాక ఆమె ఓనరును గడువు అడిగింది. ఆటను పదేళ్ళకు సాగదీస్తానంది.

"పదేళ్ళ ఆట ఎవడాడతాడమ్మా? అరగంటకే పిల్లలు ఆవులిస్తారు. వాళ్ళు నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఇంకేం కావాలి నీకు?"

"వాళ్ళు నవ్వారనే సార్ నా బాధ."

"అందరూ ఏడిస్తే నేను కంపెనీ మూసుకోవాలి. రేపు ప్రెస్సుకి పంపేస్తున్నా."

ఉన్న నమూనా ఒక్కటే. ఆమె బోర్డు మడిచి, కార్డులు సర్ది, పెట్టెను చంకన పెట్టుకుంది. ఓనరు మెట్ల దాకా వచ్చాడు.

"ఎక్కడికమ్మా అది?"

బోర్డు మళ్ళీ గీయించడానికి ఆయనకు రెండు రోజులు చాలు. నియమాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఆ సంగతి తెలిసే ఆమె మెట్లు దిగింది.